రెండో ఏరుడు



అక్టోబర్ నెలలో ఒక మధ్యాహ్నం మా క్లాసులో ఇంటర్నల్ పరీక్ష పేపర్లు పంచారు. నా పేపరు మీద ఎర్ర సిరాతో ఏడు అని వేసి ఉంది. ఇరవైకి ఏడు. పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ క్లాసుకు మొదట వచ్చిన పిల్లను నేను. ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచాను. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, ఎప్పటిలాగే, "తిన్నవా బిడ్డా? పరీక్షలు మంచిగ రాసినవా?" అని అడిగింది. "మంచిగనే రాసిన అమ్మా" అన్నాను. అమ్మతో నేను ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. దాన్ని దాదాపు ఆరు వారాలు మోసుకు తిరిగాను.

ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ ఆరు వారాల సంగతి. చదవడం అంటే ఏమిటో, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో ఆ రోజుల్లో నాకు ఎవరెవరు నేర్పారో చెబుతాను. నాలాగే డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలకూ, వాళ్లను పట్నం పంపి ఊళ్లో ఫోన్ కోసం ఎదురుచూసే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మాది నల్లగొండ జిల్లాలో, దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాన్న, అమ్మ పత్తి వేస్తారు. నేను బీఎస్సీ చదువుతున్నాను. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం నా సబ్జెక్టులు. డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో హైదరాబాద్ నారాయణగూడ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్ అశోక్‌నగర్‌లో దొరికింది. నాన్నను మేం నాయిన అంటాం. నన్ను దింపడానికి నాయిన వచ్చాడు. దేవరకొండ బస్సు దిగి ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కాం. 2020లో మొదలైన ఆ లైనులో సుల్తాన్ బజార్, నారాయణగూడ దాటితే మేం దిగే చిక్కడపల్లి. ఇళ్ల మేడల ఎత్తున రైలు పోతుంటే నాయిన కిటికీలోంచి కిందికి చూసి, "ఇంతమంది ఏడికి పోతున్రు బిడ్డా" అని ఆశ్చర్యపోయాడు. వాళ్లలో చాలామంది ఏదో ఒక పరీక్షకు చదువుకునేవాళ్లేనని వారం తిరక్కముందే నాకు తెలిసింది.

అశోక్‌నగర్ గల్లీల్లో తలెత్తి చూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు. తలదించి చూస్తే జిరాక్స్ షాపుల ముందు కట్టలు కట్టలుగా మెటీరియల్. చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ల నోట కూడా రాజ్యాంగంలోని అధికరణాల నంబర్లే వినిపిస్తాయి. మా గదిలో ముగ్గురం. మిగతా ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు, ఉద్యోగ పరీక్షలకు చదివే అక్కలు. రాత్రి రెండింటికి కూడా ఒక లైటు వెలుగుతూనే ఉండేది. ఆ లైటు చూసినప్పుడల్లా నేను నిద్రపోవడం తప్పేమో అనిపించేది.

ఇక క్లాసు సంగతి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ పాఠమంతా ఇంగ్లిషులో. మేడం చెప్పేది చెవిలో పడేది, లోపలికి దిగేది కాదు. ఒకరోజు మియోసిస్ అనే పాఠం చెప్పారు. చుట్టూ అందరూ గబగబా రాసుకుంటున్నారు. నేను ఆ మాటను ఎలా రాయాలో తెలియక పక్క అమ్మాయి నోటు పుస్తకంలోకి చూస్తున్నాను. రాత్రి హాస్టల్‌లో పుస్తకం తెరిచి బొమ్మలు చూశాక అర్థమైంది. ఇది నేను ఇంటర్‌లో చదివిన క్షయకరణ విభజనే! కణం విడిపోతూ క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించుకోవడం. నాకు బాగా తెలిసిన పాఠం వేరే పేరు పెట్టుకుని ఎదురొస్తే పోల్చుకోలేకపోయాను. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, ఇంకా ఎక్కువ చదవడం. ఒక్కో పేజీ ఐదుసార్లు చదివేదాన్ని. రంగు పెన్నుతో గీతలు గీసేదాన్ని. పేజీ అంతా పచ్చబడితే పాఠం వచ్చేసినట్టే అనుకునేదాన్ని. పరీక్షలో ప్రశ్న చూడగానే ఆ పేజీ కళ్లముందు కనిపించింది. గీతలు కనిపించాయి, బొమ్మ కుడివైపు కింద ఉందని కూడా గుర్తుంది. అక్కడ రాసి ఉన్నదేమిటో మాత్రం గుర్తు రాలేదు. ఇరవైకి ఏడు అలా వచ్చింది.

తర్వాత నా ఒంటికి ఏమేమో అయ్యేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడదడలాడేది. మెస్‌లో అన్నం ముందు కూర్చుంటే కడుపు బిగుసుకుపోయేది. దోస్తులు నవ్వుతూ మాట్లాడుతుంటే వాళ్లకు నా మార్కులు తెలిసిపోయాయేమో అనిపించేది. నాకేదో జబ్బు చేసిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాయిన వచ్చి ఊరికి తీసుకుపోతాడని భయం.

గదిలో ఉండలేక సాయంత్రాలు చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. మీలో చాలామందికి ఆ లైబ్రరీ తెలిసే ఉంటుంది. లోపల చోటు దొరకనివాళ్లు ఆవరణలో, చెట్ల కింద కూర్చుని చదువుతుంటారు. వనపర్తి, ఆదిలాబాద్, ఖమ్మం, ఎక్కడెక్కడి పిల్లలో. ఐదు రూపాయల భోజనం తిని రాత్రి దాకా చదివేవాళ్లు ఉంటారు. అంతమంది పక్కన కూర్చుంటే నా గుండెదడ కొంచెం తగ్గేది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. హాస్టల్ గదిలో నా భయం నా ఒక్కదానిది. అక్కడ అది అందరిదీ.

నేను కూర్చునే చెట్టు కిందికే రోజూ ఒకన్న వచ్చేవాడు. పాలమూరు వైపు వాడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లు రాశాడు. శ్రోతల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 అక్టోబర్‌లో ఆ పరీక్ష జరిగింది, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగింది, అదీ రద్దయింది. కొత్త నోటిఫికేషన్ వచ్చి 2024 జూన్‌లో మరోసారి జరిగింది. మూడుసార్లు అదే పుస్తకాల ముందు కూర్చున్న మనిషికి ఒత్తిడి గురించి ఒకరు చెప్పేదేముంటుంది? ఒకరోజు ఆ అన్న నా పచ్చటి పేజీలు చూసి, "చెల్లె, పుస్తకం మూసెయ్. ఇప్పుడు చదివింది నాకు చెప్పు" అన్నాడు.

మూశాను. నోరు తెరిచాను. రెండు వాక్యాలు వచ్చాయి. అంతే.

"గంటసేపు చదివినవ్ కదా! వచ్చిన ఆ రెండు వాక్యాలే నీయి. మిగతాదంత పుస్తకానిదే. మూసి చెప్పు, రాకపోతే తెరిచి చూడు, మళ్ల మూసి చెప్పు. రేపు వచ్చినంక ముందు ఇదే చెప్పు, తర్వాతనే కొత్తది" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. కానీ చేసి చూశాను. మొదటి వారం నరకం. పుస్తకం తెరిచి ఉంటే ఎంత వచ్చినట్టుంటుందో, మూస్తే అంత ఖాళీ. అసలు ఇలా ఎందుకు అవుతుందో తెలుసుకుందామని అదే లైబ్రరీలో మనస్తత్వశాస్త్రం పుస్తకాలు వెతికాను. వందేళ్లు దాటిన సంగతులు దొరికాయి.

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మరపును తానే కొలుచుకున్నాడు. అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీపట్టడం, కొంతసేపు ఆగడం, ఎంత పోయిందో లెక్కగట్టడం. 1885లో ఆ లెక్కలు పుస్తకంగా వేశాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయేది. ఆ తర్వాత మరపు వేగం తగ్గేది. మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి పట్టినంత సమయం పట్టేది కాదు. అది చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇన్నాళ్లూ మరపును నా మొద్దుతనమనుకున్నాను. అది మనిషి బుర్రకు ఉన్న స్వభావమట!

ఇంకొకటి చదివాను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని చదివి, మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, తర్వాత కాగితం ముందు పెట్టుకుని గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే కథ తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, గుర్తు చేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. అంటే ఐదోసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆ ధైర్యం ఐదు నిమిషాల ధైర్యం. చెట్టు కింద పాలమూరు అన్న చెప్పినదీ అమెరికా ప్రొఫెసర్లు కనిపెట్టినదీ ఒకటేనని తెలిశాక అన్న మీద రోషం పోయింది.

భాష సంగతి మిగిలింది. ఇది మా ఊరి నుంచి, మీ ఊరి నుంచి వచ్చే పిల్లలందరి సంగతి కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

నేను రోజూ కాలేజీకి నడిచే నారాయణగూడలో, 1928లో మాడపాటి హనుమంతరావు గారు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. నిజాం రాజ్యంలో పై చదువు ఎక్కువగా ఉర్దూలో నడిచే రోజులవి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో బడిలో వేరే భాషలో లెక్కలు, సైన్సు నేర్చుకున్నారు. సి. నారాయణరెడ్డి గారు వాళ్లలో ఒకరు. కరీంనగర్ వైపు హనుమాజీపేట నుంచి పట్నం వచ్చి, ఉర్దూ మాధ్యమంలోనే డిగ్రీ దాకా చదివారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని తెలుగు పుస్తకాలు చదువుకున్నారు. అదే ఉస్మానియాలో తెలుగు ఆచార్యులయ్యారు. 1988వ సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన ఒక భాషను వదిలి ఇంకో భాషను పట్టుకోలేదు. రెండింటినీ చేతపట్టుకుని నడిచారు. నేనూ అలాగే ఎందుకు నడవకూడదు అనిపించింది.

హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ ఉంది కదా. కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు తేవడానికే 1968లో దాన్ని పెట్టారు. అకాడమీ పుస్తకాలు మా పేటలో పోటీ పరీక్షలవాళ్ల చేతుల్లో ఎప్పుడూ కనిపిస్తాయి. నేను ఒక వృక్షశాస్త్రం పుస్తకం, ఒక జంతుశాస్త్రం పుస్తకం సంపాదించాను. రేపటి పాఠాన్ని ఈ రాత్రి తెలుగులో చదువుకోవడం, క్లాసులో ఇంగ్లిషులో వినడం, సాయంత్రం పుస్తకం మూసి రెండు భాషల్లోనూ చెప్పుకోవడం, ఇదీ నా పద్ధతి. నోటు పుస్తకంలో పేజీకి నడుమ గీత గీసి ఒకవైపు కిరణజన్య సంయోగక్రియ, ఇంకోవైపు ఫొటోసింథసిస్ అని రాసుకున్నాను. మియోసిస్ అంటే గ్రీకులో తగ్గడం అనే అర్థమట. క్షయకరణం అన్నా అదే కదా. తెలుగు మాట నాకు అడ్డు గోడ అనుకున్నాను, అదే మెట్టయింది.

చదువు ఇలా కాస్త దారిన పడుతున్నా రాత్రి మూడింటి మెలకువ పోలేదు. దానికి మందు మా జంతుశాస్త్రం పుస్తకంలోనే దొరికింది. మూత్రపిండాన్ని వృక్కం అంటారు. దాని మీద టోపీలా కూర్చున్న గ్రంథి కాబట్టి అధివృక్క గ్రంథి. ఆపద వచ్చిందని మెదడు కబురు పంపితే అది అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కండరాలకు రక్తం పరుగెడుతుంది. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. అది చదువుతుంటే, నా కథ ఎవరో రాసి పెట్టినట్టుంది. గుండె దడ, బిగుసుకునే కడుపు, అన్నీ ఉన్నాయి. పామును చూసి పరుగెత్తడానికి పుట్టిన ఏర్పాటు, నాలుగు మడతల కాగితాన్ని చూసి పనిచేస్తోంది!

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త దీని మీద రాశాడు. దెబ్బ ఏదైనా, చలి అయినా గాయం అయినా, ఒళ్లు దాదాపు ఒకే తీరున స్పందిస్తుందని, అది రోజుల తరబడి సాగితే ఒళ్లు అలసి చేతులెత్తేస్తుందని గమనించాడు. వచ్చి పోయే ఒత్తిడితో ప్రమాదం లేదు. పరీక్ష ముందు కొంచెం దడ ఉంటేనే మనిషి మేలుకుని ఉంటాడు. వచ్చి, పోకుండా కూర్చున్న ఒత్తిడితోనే చిక్కు.

మరి దాన్ని పంపించేది ఎలా? మా జంతుశాస్త్రం పుస్తకంలోనే ఒక చిన్న సంగతి ఉంది. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకని మూడింటికి మెలకువ వస్తే లేచి కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో దడ దిగేది. నిద్ర కూడా చదువులో భాగమేనని అప్పుడే తెలిసింది. పగలు నేర్చుకున్నది నిద్రలోనే మెదడులో కుదురుకుంటుందట. నా వయసువాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. నేను మా గదిలోని అక్కలను బతిమాలి ఒక తువ్వాలు కళ్లకు కట్టుకుని పదకొండింటికే పడుకోసాగాను. మొదట్లో తప్పు చేస్తున్నట్టుండేది. వారానికి అలవాటైంది.

ఇప్పుడు ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది కదా, అటుగా పోతుంటే లోపల అష్టావధానం అన్నారు. ఎప్పుడూ చూడలేదు. వెనక వరుసలో కూర్చున్నాను.

వేదిక మీద అవధాని గారు, చుట్టూ ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు. చేతిలో కాగితం లేదు, కలం లేదు. ఒకరు సమస్య ఇచ్చారు. అవధాని గారు దాన్ని పూరించే పద్యంలో మొదటి పాదం చెప్పి అక్కడే ఆపేశారు. రెండో ఆయన దత్తపది, అంటే పద్యంలో వాడాల్సిన పదాలు, ఇచ్చారు. దానికీ ఒక పాదం. తర్వాత వర్ణన. తర్వాత నిషిద్ధాక్షరి, అడుగడుగునా ఈ అక్షరం వాడొద్దని అడ్డుకోవడం. ఎక్కడో గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో అదీ లెక్క ఉంచుకోవాలి. వీటన్నిటి నడుమ అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఒకరు. ఆయన పనే చెడగొట్టడం. పద్యం అల్లుతుంటే నడుమ దూరి, మీరు ఈ పూట ఏం కూర తిన్నారు లాంటి ప్రశ్నలు వేస్తాడు. అలా ఒక చుట్టు తిరిగి వచ్చాక అవధాని గారు మొదటి పృచ్ఛకుడి దగ్గరికి వచ్చి, ఆపిన చోటు నుంచి రెండో పాదం అందుకున్నారు. నాలుగు చుట్లు. చివర ధారణ. అన్ని పద్యాలూ మొదటి నుంచి గడగడా చదివారు. హాలంతా చప్పట్లు.

నేను చప్పట్లు మరిచిపోయి చూస్తున్నాను. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి నూరుగురు పృచ్ఛకుల ముందు శతావధానాలు చేశారని విన్నాను. అది పూర్వజన్మ సుకృతం అనుకునేదాన్ని. అంత ధారణ నాకు రాదు, అందరికీ రాదు. కానీ ఆ సాయంత్రం అందులోని పని కనిపించింది. పద్యాన్ని ఒక్కసారిగా ముగించడం లేదు. కొంచెం చెప్పి, వదిలి, వేరే పని చూసి, మళ్లీ అక్కడికే వచ్చి జ్ఞాపకంలోంచి బయటికి లాగుతున్నారు. వచ్చిన ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిపడుతోంది. అన్న చెప్పిన చదువు ఇదే కదా!

అప్రస్తుత ప్రసంగం దగ్గర ఇంకో సంగతి గమనించాను. ఆయన్ని అవధాని గారు విసుక్కోలేదు, వేదిక దిగిపొమ్మనలేదు. ఆయన ప్రశ్నకు నవ్వి, సరసంగా ఒక జవాబు చెప్పి, తన పద్యం దగ్గరికి వచ్చేశారు. నా బుర్రలోనూ ఒక అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు. చదవబోతుంటే, "నీకు ఏడు మార్కులు వచ్చాయి కదా, ఫెయిలైతే ఊళ్లో ఏమంటారు?" అంటాడు. ఇన్నాళ్లూ వాడితో గంటలు గంటలు వాదించాను. లేదా వాడిని తరిమేయాలని చూశాను. వాడు పోడు. ఒక మాట జవాబు చెప్పి నా పని దగ్గరికి వచ్చేయడమే మార్గం. "అవును, ఏడు వచ్చాయి. ఇప్పుడు మైటోకాండ్రియా చదువుకుంటున్నా." అంతే. గంటలో ఇరవైసార్లు వస్తే ఇరవైసార్లు అదే జవాబు.

ఇంత తెలిసినా, ఒక్క జవాబు మాత్రం బాకీ పడి ఉంది. అమ్మకు.

నవంబర్ చివర రెండు రోజులు సెలవులొస్తే ఊరికి పోయాను. పొద్దున్నే అమ్మతో పత్తి చేనికి నడిచాను. నడుముకు సంచి కట్టుకుని చెరొక సాలు పట్టాం. ముఖాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి నోరు పెగిలింది. "అమ్మా, ఇరవైకి ఏడే వచ్చినయ్. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. కొంతసేపటికి అంది, "ఈ చేను చూడు. నెల కింద మొదటి ఏరుడు అయింది. అప్పుడు ఈ కాయలు పలగనే లేదు. ఇప్పుడు రెండో ఏరుడు. ఇంకో నెలకు మూడోది. ఒక్క ఏరుడుకే చేనంత ఇంటికొస్తదా బిడ్డా? పలగని కాయను గుంజితే చేతికేమొస్తది?"

పత్తి వేసినవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. ఒకే చెట్టు మీద ఒక కాయ పగిలి ఉంటుంది, ఇంకోటి పచ్చిగా ఉంటుంది, పైన పువ్వు అప్పుడే పూస్తూ ఉంటుంది. అందుకే చేనికి మళ్లీ మళ్లీ పోవాలి. నేను చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నాను. నా చదువుకు అది అన్వయిస్తుందని మాత్రం అమ్మ చెప్పేదాకా తట్టలేదు. ఆ రోజు సాయంత్రం దాకా ఏరాం. రాత్రి మూడింటికి మెలకువ రాలేదు.

తర్వాతి ఇంటర్నల్‌లో నాకు పదమూడు వచ్చాయి. ఇరవైకి పదమూడు గొప్ప మార్కులేం కావు. కానీ అందులో ప్రతి మార్కూ పుస్తకం మూసి తెచ్చుకున్నదే. ఆ కాగితాన్ని మడత పెట్టలేదు.

నా తోటి పిల్లలకు ఒక మాట. నాకు లైబ్రరీలో అన్న దొరికాడు, చేన్లో అమ్మ దొరికింది. కొందరికి వెంటనే ఎవరూ దొరక్కపోవచ్చు. నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీదే విసుగొస్తుంటే ఒంటరిగా మొయ్యొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన ఫోన్ సేవ ఉంది. డబ్బులు అక్కర్లేదు, పగలైనా రాత్రయినా మాట్లాడొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. మళ్లీ చెబుతాను, రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. కాలు విరిగితే ఆసుపత్రికి పోవడానికి మనం సిగ్గుపడం కదా. ఇదీ అంతే.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలు ఫోన్ ఎత్తగానే మార్కులెన్ని అని అడిగితే, మార్కులు తగ్గిన రోజున వాళ్లు ఫోన్ ఎత్తడానికే భయపడతారు. మా అమ్మ ఇప్పుడు ఆ ప్రశ్న అడగదు. "ఇయ్యాల ఏం చదివినవో నాకు చెప్పు" అంటుంది. అమ్మ అయిదో తరగతి దాకే చదివింది. అయినా ఆమెకు చెప్పడం కంటే పెద్ద పరీక్ష నాకు కాలేజీలో లేదు. పుస్తకం చేతిలో ఉండదు. ఇంగ్లిషు మాటల చాటున దాక్కోవడానికి వీలుండదు. నాకు అర్థం కానిది అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పడం నా తరం కాదు.

మొన్న ఆకు గురించి చెబుతున్నాను. ఆకులో పత్రహరితం ఉంటుందనీ, అది ఎండను పట్టుకుంటుందనీ, గాలినీ నీళ్లనూ కలిపి చెట్టుకు తిండి తయారవుతుందనీ చెప్పాను. అమ్మ ఊఁ కొడుతూ విని, "మరి మన పత్తి ఆకు ఎందుకు ఎర్రబడ్డది?" అంది.

నాకు తెలియదు. "రేపు చూసి చెప్తనమ్మా" అన్నాను.

మర్నాడు సాయంత్రం లైబ్రరీలో వెతికాను. పత్రహరితం అణువు నట్టనడుమ మెగ్నీషియం ఉంటుందని రసాయనశాస్త్రం క్లాసులో విన్నదే. పత్తి మొక్కకు ఆ మెగ్నీషియం చాలకపోతే ఆకు ఈనెల దగ్గర పచ్చగా ఉండి, నడుమ ఎర్రబడుతుందట. లీటరు నీళ్లకు పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి పిచికారీ చేయమని రాసి ఉంది. రెండు సబ్జెక్టులు, రెండు భాషలు, మా చేను, అన్నీ ఆ ఒక్క ఆకు దగ్గర కలిశాయి. పుస్తకం మూశాను. చెట్టు కింద ఒకసారి నాకు నేనే చెప్పుకుని చూశాను. మొత్తం వచ్చింది.

అప్పుడు ఫోన్ తీసి అమ్మకు చేశాను.